అడగకుండానే దారి తెలియాలి!

వెబ్‌సైట్ తయారీ నేర్పుతామనే బోర్డులు అమీర్‌పేటలో అడుగడుగునా కనిపిస్తాయి. కానీ చూసేవాళ్లు తికమకపడకుండా ఆ వెబ్‌సైట్‌ని పొందిగ్గా సర్దడం ఎలాగో తెలియాలంటే... ఆ బోర్డుల కింద నిలబడి ఒకసారి చుట్టూ చూస్తే చాలు!

మైత్రీవనం ముందు నిలబడి తలెత్తండి. జావా, పైథాన్, డాట్‌నెట్, టెస్టింగ్, డేటా సైన్స్... ఒక బోర్డుని మూసేస్తూ ఇంకో బోర్డు. ఎరుపు మీద పసుపు, పసుపు మీద నీలం. ప్రతిదీ 'ముందు నన్ను చూడు' అని అరుస్తున్నట్టే ఉంటుంది. ఊరి నుంచి అప్పుడే వచ్చిన కుర్రాడికి అన్నీ కనిపిస్తాయి, కావలసింది తప్ప! చివరికి టీకొట్టు దగ్గరికెళ్లి 'అన్నా, ఈ ఇన్‌స్టిట్యూట్ ఎక్కడ?' అని అడగాల్సిందే.

అక్కణ్నుంచి కాస్త నడిచి మెట్రో స్టేషన్ మెట్లెక్కండి. మియాపూర్ - ఎల్బీనగర్ ఎర్ర లైనూ నాగోలు - రాయదుర్గం నీలం లైనూ కలిసేది ఇక్కడే. రైలు మారేవాళ్లతో కిటకిటలాడుతుంటుంది. అయినా ఎర్ర రైలు కావాలంటే ఎరుపునీ, నీలం రైలు కావాలంటే నీలాన్నీ, పక్కనున్న బాణం గుర్తునీ చూసుకుంటూ పోతే చాలు, ప్లాట్‌ఫామ్ వచ్చేస్తుంది.

రెండూ అమీర్‌పేటే. ఒకచోట సమాచారం కుప్పలుగా ఉంది కానీ దారి లేదు. రెండోచోట సమాచారం తక్కువే... కానీ ఏ మలుపులో ఏది కావాలో అక్కడ అదే ఉంది. చెడ్డ వెబ్‌సైట్‌కీ మంచి వెబ్‌సైట్‌కీ ఉన్న తేడా సరిగ్గా ఇదే.

పనిముట్లు పోయాయి... పద్ధతి మిగిలింది

2000ల్లో వెబ్ డిజైనింగ్ అంటే ఫ్లాష్, డ్రీమ్‌వీవర్. తెర మీద అక్షరాలు ఎగిరొస్తే, బొమ్మలు గిరగిరా తిరిగితే గొప్ప. ఆ ఫ్లాష్‌కి అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో మంగళం పాడేసింది. ఇక ఇప్పుడు ఏం కావాలో మామూలు మాటల్లో చెబితే చాలు, కృత్రిమ మేధే కోడ్ రాసిచ్చేస్తోంది. మరి అమ్మానాన్నలు అప్పుచేసి పంపిన డబ్బుతో హాస్టల్లో ఉండి నేర్చుకున్న విద్య నాలుగేళ్లకే పాతబడిపోతే ఎలా?

పాతబడనిది ఒకటుంది. తెర ముందు కూర్చునే మనిషి! అతని కళ్లూ, ఓపికా, జ్ఞాపకశక్తీ అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. టిమ్ బెర్నర్స్ లీ స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనశాలలో వెబ్ ఆలోచనని కాగితం మీద పెట్టింది 1989లో. మొదటి వెబ్‌సైట్ 1991లో వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకే, అంటే 1994లో, డెన్మార్క్‌కి చెందిన నిపుణుడు జాకబ్ నీల్సన్ కంప్యూటర్ తెరలు ఎలా ఉండాలో పది సూత్రాలుగా క్రోడీకరించాడు. ఎన్ని సాఫ్ట్‌వేర్లు వచ్చి పోయినా డిజైన్ విద్యార్థులు ఇప్పటికీ చదివేది వాటినే.

పోపుల డబ్బా పాఠం

ఆ సూత్రాలు వినడానికి బరువుగా ఉంటాయి కానీ మన వంటింట్లో ఉన్నవే. ఆవాలూ జీలకర్రా ఉన్న పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉంటుంది. ఏడాది ఆవకాయ జాడీ అటక మీద ఉంటుంది. రోజూ వాడేది చేతికందాలి, ఎప్పుడో వాడేది పైన ఉండాలి. వెబ్‌సైట్ మొదటి పేజీకీ అంతే. ఉప్పు డబ్బా నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉండాలి. ఒక పేజీలో పైనున్న మెనూ మరో పేజీలో పక్కకెళ్లిపోకూడదు.

ఇంకా ఉన్నాయి. బటన్ నొక్కాక పని జరుగుతోందో లేదో తెలియాలి. పది సెకన్లు దాటినా తెర మీద ఏమీ కదలకపోతే మనసు మరో పని మీదకి పోతుందంటాడు నీల్సన్. పొరపాటున నొక్కితే వెనక్కి వచ్చే దారుండాలి. తప్పు జరిగితే 'ఎర్రర్ 500' అని భయపెట్టకుండా 'ఫోన్ నంబరులో ఒక అంకె తగ్గింది' అని చెప్పాలి. దరఖాస్తుకి ఆఖరి తేదీ రోజు రాత్రి నెట్ సెంటర్లో కూర్చున్న నిరుద్యోగికి ఆ ఒక్క వాక్యం విలువేంటో తెలుసు!

పెట్టుబడి చీరలు ఎక్కడ?

అమీర్‌పేటలో ఎర్ర లైను రైలెక్కితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట. బట్టల షోరూములూ, నగల దుకాణాలూ, నిమ్స్ ఆసుపత్రీ ఉన్న రద్దీ కూడలి. ఇక్కడ నేర్చుకోవాల్సింది మరో పాఠం.

ఓ చీరల దుకాణానికి వెబ్‌సైట్ చేయాలనుకుందాం. యజమాని తన స్టాకు పుస్తకంలో ఉన్నట్టే గద్వాల, వెంకటగిరి, పోచంపల్లి అని విభాగాలు చేయమంటాడు. కొనడానికొచ్చిన ఇల్లాలి లెక్క వేరు. పెళ్లికూతురికి ఒకటి, ఆడపడుచుకి ఒకటి, పెట్టుబడి చీరలు ఓ డజను, అదీ ఇంత ధరలో! వెబ్‌సైట్‌ని ఎవరి లెక్క ప్రకారం సర్దాలి?

దానికో తేలిక పద్ధతుంది. దుకాణంలో ఉన్న ఒక్కో రకాన్నీ ఒక్కో చీటీ మీద రాసి, నలుగురైదుగురు కొనుగోలుదారుల ముందు పెట్టాలి. 'ఏవి ఒకచోట ఉండాలో మీరే చేర్చి, ఆ కుప్పకి పేరు పెట్టండి' అనాలి. వాళ్లు పెట్టిన పేర్లే మెనూలో పేర్లు. దీన్నే కార్డ్ సార్టింగ్ అంటారు. ఖర్చు నాలుగు కాగితాలు.

ఆసుపత్రి వెబ్‌సైట్‌కీ ఇదే సూత్రం. జిల్లా నుంచి ఫైలు పట్టుకుని బయల్దేరే మనిషికి కావలసింది ఛైర్మన్ సందేశం కాదు. డాక్టరుగారు ఏ రోజు ఉంటారు, ఓపీ ఎన్నింటికి, ఏ కాగితాలు తేవాలి... ఈ మూడూ మొదటి తెర మీదే కనిపిస్తే ఒక ప్రయాణం ఖర్చూ ఒక రోజు కూలీ మిగులుతాయి.

ఒక్క బటన్... 30 కోట్ల డాలర్లు!

సర్దడంలో చిన్న మార్పు ఏం చేస్తుందో అమెరికా నిపుణుడు జారెడ్ స్పూల్ 2009లో ఓ ఉదాహరణ చెప్పాడు. ఓ పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో జనం బుట్ట నిండా సరుకులు వేసుకుని, డబ్బు కట్టే ముందు వెళ్లిపోతున్నారు. కారణం వెతికితే... అక్కడ 'రిజిస్టర్' అనే బటన్ అడ్డుగా ఉంది. కొత్తవాళ్లకి అదో చిరాకు. పాతవాళ్లకి పాస్‌వర్డ్ గుర్తుండదు. దాన్ని తీసేసి 'కొనసాగండి' అనే బటన్ పెట్టి, ఖాతా తెరవనక్కర్లేదని కింద ఓ మాట రాశారు. అంతే! కొనేవాళ్లు 45 శాతం పెరిగారు. తొలి ఏడాదిలో 30 కోట్ల డాలర్ల అదనపు అమ్మకాలు జరిగాయి.

మన అక్షరానికి కాస్త చోటు

తెలుగులో వెబ్‌సైట్ చేసేవాళ్లు మరో విషయం గుర్తుంచుకోవాలి. ఒకప్పుడు ఒక్కో పత్రికా ఒక్కో ఫాంటు వాడేది. అది మన కంప్యూటర్లో లేకపోతే అక్షరాల బదులు ఏవో పిచ్చి గీతలు కనిపించేవి. యూనికోడ్ వాడకం పెరిగాక ఆ బాధ తప్పింది. కానీ మన లిపికి పైన గుడులూ కింద వత్తులూ ఉంటాయి. ఇంగ్లిషుకి సరిపోయే వరుసల ఎడం తెలుగుకి చాలదు. పై వరుస వత్తు కింది వరుస తలకట్టుని తాకితే చదివేవాళ్లకి కళ్లు లాగుతాయి.

రంగు సంగతీ అంతే. తెల్ల తెర మీద లేత బూడిద రంగు అక్షరం కుర్రాళ్లకి అందంగా ఉంటుంది, తాతయ్యకి మాత్రం ఖాళీ కాగితమే! అందుకే అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని 2008లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఐదుగురు చాలు

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక అది బాగుందో లేదో తేల్చేదెవరు? తయారుచేసినవాళ్లు కాదు. తాము కట్టిన ఇంట్లో స్విచ్చి ఎక్కడుందో వాళ్లకి చీకట్లోనూ తెలుస్తుంది. కొత్తవాళ్లు కావాలి. దానికి వేలమంది అక్కర్లేదు, ఐదుగురితో పరీక్షించినా ఎక్కువ లోపాలు బయటపడతాయని నీల్సన్ 2000లోనే రాశాడు.

అమ్మ, పక్కింటి అంకుల్, హాస్టల్ వార్డెన్... ఎవరైనా ఫర్వాలేదు. ఫోన్ చేతికిచ్చి 'రేపు ఓపీ ఎన్నింటికో చూడండి' అనాలి. ఆ తర్వాత నోరు మెదపకూడదు. కష్టమైన పని అదే! వేలు ఎక్కడ తచ్చాడిందో, మొహం ఎక్కడ చిట్లించారో రాసుకోవాలి. 'ఇది కూడా తెలీదా' అనిపించిన ప్రతిచోటా తప్పు వాళ్లది కాదు, వెబ్‌సైట్‌ది.

కోర్సు పూర్తయ్యాక సర్టిఫికెట్ ఎవరైనా ఇస్తారు. అసలు పరీక్ష మాత్రం అమీర్‌పేటలో దిగిన ఆ కొత్త కుర్రాడిదే. మీరు చేసిన పేజీ చూశాక అతను టీకొట్టుకి వెళ్లి టీ మాత్రమే అడిగాడా... మీరు పాసైనట్టే!