క్షేత్రధ్వనుల రూపాంతరీకరణ: చిన్న స్క్రిప్టుల ప్రయోజనం

కీలకపదాలు: మౌఖిక సాహిత్యం, బుర్రకథ, ధ్వనిముద్రణ, స్క్రిప్టు, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప గ్రామాలు కథాగానానికి పేరెన్నికగన్నవి. బుర్రకథకు పద్మశ్రీ (1986) గౌరవం తెచ్చిన షేక్ నాజర్ స్వగ్రామం పొన్నెకల్లు ఇక్కడిదే. పల్నాటి వీరుల కథపై జీన్ రోఘేర్ 1982లో ప్రచురించిన అధ్యయనానికి ఒక గాయకుని ప్రదర్శన ధ్వనిముద్రణే ఆధారం. అంటే మౌఖిక సాహిత్యంలో ధ్వనిముద్రణే మూలప్రతి. తాళపత్రానికి మన పరిష్కర్తలు చూపిన జాగ్రత్తను ధ్వనిఫైలు పట్ల మనమింకా అలవరచుకోలేదు.

ఇందుకు నేనే ఉదాహరణ. పరిశోధక విద్యార్థిగా ఫోనులో ముద్రించిన బుర్రకథలను ఎంపీత్రీలోకి మార్చి, స్థలం చాలదని మూలఫైళ్లు తొలగించాను. ఆనాటి ఫోన్లలో త్రీజీపీ ఫైళ్ల ధ్వని సాధారణంగా ఏఎంఆర్ పద్ధతిలో, సెకనుకు 8,000 నమూనాలతో నమోదయ్యేది. అందులో సగానికి, అనగా 4,000 హెర్ట్‌జ్‌కు, పైనున్న ధ్వని నిలవదు. కథకుని అందెల మోతలోని పదును ముద్రణలోనే పోయింది. మిగిలినదానిలో మరికొంత నా మార్పిడిలో పోయింది. ఎంపీత్రీని తిరిగి వేవ్‌గా మార్చినా పరిమాణం పెరుగుతుందే తప్ప పోయిన ధ్వని రాదు.

ఇక్కడ గ్రహించవలసిన భేదమొకటుంది. ఎంపీఫోర్, ఎంకేవీ వంటివి పెట్టెలు. లోపలి సంకేతీకరణ వేరు. చాలా సందర్భాలలో పెట్టె మార్చితే చాలు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు ‘కాపీ’ అని ఆదేశిస్తే లోపలి సమాచారాన్ని ముట్టకుండా, నష్టం లేకుండా క్షణాలలో మార్చుతుంది. ఇది 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ ప్రారంభించిన ఉచిత సాఫ్ట్‌వేర్.

స్క్రిప్టు అనగా ఆజ్ఞలను వరుసగా రాసుకున్న పాఠ్యఫైలు. ఫోల్డరులోని ప్రతి ఫైలునూ తీసుకోవడం, మార్చినదాన్ని వేరొక ఫోల్డరులో ఉంచడం, అదే పేరుతో ఫైలుంటే దానిపై రాయకపోవడం: ఇంతకు నాలుగైదు పంక్తులు చాలు. మనకు తరచు ఎదురయ్యే చిక్కు ఫైళ్ల పేర్లలో ఉంటుంది. ‘కారంపూడి తిరునాళ్ల’ అని ఖాళీతో పేరు పెడితే షెల్ దాన్ని రెండు ఫైళ్లుగా భావిస్తుంది; స్క్రిప్టులో ఫైలుపేరు వచ్చే చోట ఉద్ధరణ చిహ్నాలుంచాలి.

ఆన్‌లైన్ మార్పిడి సైట్లకన్నా ఇది మేలు. గాయకుడు మనలను నమ్మి పాడిన కథ ఇతరుల సర్వరుకు చేరదు. పైగా స్క్రిప్టును సిద్ధాంతగ్రంథానికి అనుబంధంగా జతచేస్తే, ఏ ఫైలుపై ఏ మార్పు జరిగిందో పరీక్షకుడు సరిచూడగలడు. అయితే మొదట ఒక్క ఫైలుపై నడిపి, ఫలితాన్ని చివరిదాకా విన్న తరువాతనే తక్కినవాటిని అప్పగించాలి. మూలఫైళ్లు రెండుచోట్ల భద్రంగా ఉండాలి.