‘లయ’ పట్టుకుంటే పదాలు మరచిపోరు!

వొకాబులరీ అనగానే జాబితా ముందేసుకుని బట్టీ పడుతున్నారా? పరీక్ష హాల్లో సగం గుర్తుకు రావు. ఒక్క స్పెల్లింగ్ తప్పితే మార్కు పోయినట్టే! బట్టీ బదులు, మాటల చుట్టరికం వెతకండి. ‘లయ’నే తీసుకుందాం.

* సరకులు మోసే ‘టెంపో’ పేరు ఓ జర్మన్ బండిది. ఇటాలియన్‌లో టెంపో అంటే కాలం. సంగీతంలో వేగం.

* మీ బాక్సులోని కంపాస్‌ను స్పానిష్‌లో ‘కొంపాస్’ అంటారు. ఫ్లమెంకో కళాకారులకు ఆ మాటే లయ!

* మనకేమో తలుపుకీ తాళమే, పాటకీ తాళమే.

* ‘రిథమ్’ గ్రీకు మాట. స్పెల్లింగ్‌లో ఎ, ఇ, ఐ, ఒ, యు ఒక్కటీ లేదు. ఆర్ పక్కన హెచ్ ఎందుకు? గ్రీకులో ‘ర’తో మొదలైన మాటలు ఇంగ్లిష్‌లోకి అలాగే వచ్చాయి. రాంబస్, రైనోసిరస్ చూడండి. ఒక్క సూత్రం, మూడు స్పెల్లింగ్‌లు!

ఇవాళే ఓ నోట్‌బుక్ పెట్టండి. రోజుకు రెండు మాటలు, వాటి పక్కన పుట్టిల్లు రాసుకోండి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన మాటను మరచిపోవడం కష్టం.