పై పెదవి ఎత్తి చూడండి

ఏడాదిన్నర పిల్లను వెలుతురులో ఒళ్ళో పడుకోబెట్టుకుని, చూపుడువేలితో పై పెదవిని మెల్లగా పైకెత్తండి. ముందరి నాలుగు పళ్ళూ చిగురును ఆనుకునే చోట సుద్దముక్కతో గీసినట్టు తెల్లని చార ఉందా? పాలు అంటుకున్నాయేమో అనుకుని తడిగుడ్డతో తుడుస్తారు. అది పోదు. పంటికి ఉండే మెరుపు ఆ చార మేర ఉండదు. నొప్పి లేదు కాబట్టి పిల్ల ఏడవదు, పెద్దవాళ్ళ కంట పడదు. పన్ను పుచ్చడానికి తొలి గుర్తు అదే. పట్టించుకోకపోతే చార గోధుమరంగుకు తిరిగి గుంట పడుతుంది, చివరికి పళ్ళు విరిగి చిగురు దగ్గర నల్లటి మోళ్ళు మిగులుతాయి.

కింది పళ్ళు తెల్లగా మెరుస్తుంటే పై నాలుగే ఎందుకు పాడవుతాయి? జవాబు రాత్రి పాలసీసాలో ఉంది. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలో పీక అంగిలికి ఆనుకుని ఉంటుంది. నాలుక ముందుకు జరిగి కింది పళ్ళను కప్పేస్తుంది. లాలాజలం ఊరే నాళాలు కొన్ని ఆ కింది పళ్ళ వెనకే తెరుచుకుంటాయి కాబట్టి వాటికి కడుగుడూ దొరుకుతుంది. పై పళ్ళకు ఈ రెండు రక్షణలూ లేవు. మింగని పాలు వాటి చుట్టూ నిలిచిపోతాయి. సీసాకూ ఈ పుచ్చుకూ ఉన్న సంబంధాన్ని ఎలియాస్ ఫాస్ అనే దంతవైద్యుడు 1962లోనే రాసిపెట్టాడు.

మన ఊళ్ళలో పన్ను పుచ్చితే ‘పురుగు తినేసింది’ అంటారు. వాకుడు గింజల పొగ పట్టించి, రాలిన పురుగులివిగో అని చూపించేవాళ్ళూ ఉండేవారు. పంట్లో పురుగు లేదు. అసలు కారణం రోజూ మనం పలికే మాటలోనే ఉంది: పాచి. పొద్దున్నే పళ్ళ మీద జిగటగా తగిలే ఆ పొరలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. పిల్ల తిన్న తీపిని అవీ తింటాయి, తిని ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం పంటి పైపొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. ఈ సంగతిని మిల్లర్ అనే శాస్త్రవేత్త 1890లో పుస్తకంగా వివరించాడు.

తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే ఆమ్లం పుడుతుంది. లాలాజలం దాన్ని విరిచి, కరిగిన ఖనిజాన్ని పంటికి తిరిగి చేర్చడానికి సుమారు అరగంట, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. కాబట్టి ఎంత తీపి తిన్నారన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. ఒక లడ్డూ భోజనంతోపాటు తినేసిన పిల్లవాడి పళ్ళకు ఒక్క దెబ్బ తగులుతుంది. అదే లడ్డూ చేత్తో పట్టుకుని గంటకోసారి కొరుకుతూ సాయంత్రం దాకా తిరిగినవాడి పళ్ళకు తేరుకునే వ్యవధే ఉండదు. ఇక నిద్రలో లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతుంది. పంచదార కలిపిన పాలసీసాతో పడుకున్న పిల్ల పళ్ళు రాత్రంతా ఆమ్లంలో నానుతున్నట్టే. బెల్లం వేసినా, తేనె కలిపినా, పళ్ళరసం పోసినా పాచికి అన్నీ ఒకటే. పీకకు తేనె రాసి నోట్లో పెట్టడం మరీ ప్రమాదం. ఏడాది నిండని పిల్లకు తేనె అసలు నాకించకూడదు.

‘పాలపళ్ళేగా, ఊడిపోయేవేగా’ అంటుంది అమ్మమ్మ. ఊడిన పన్నును ఇంటి కప్పు మీదికి విసిరి కొత్తది రమ్మనే ఇళ్ళలో ఆ మాట సహజమే. కానీ ముందరి పళ్ళు ఆరేడేళ్ళకు ఊడినా, నమిలే పాల దంతాలు పది పన్నెండేళ్ళ దాకా నోట్లో ఉండాల్సినవి. అవి ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, వచ్చే పంటికి చోటు లేకుండా చేస్తాయి. వేరు దగ్గర చీము పడితే కింద తయారవుతున్న శాశ్వత దంతం కూడా దెబ్బతినవచ్చు. పాలపంటి పైపొర పెద్దవాళ్ళ పంటికన్నా పల్చన కాబట్టి పుచ్చు లోపలికి వేగంగా దిగుతుంది. అన్నిటికీ మించి, పన్ను నొప్పితో పిల్ల తినదు, పడుకోదు. ఎందుకు ఏడుస్తోందో చెప్పనూ లేదు.

మరి ఏం చేయాలి? సీసాను పడక ఎక్కనివ్వకండి. పాలు తాగించి, పళ్ళు తోమి, ఆ తర్వాతే నిద్రపుచ్చండి. రాత్రి దాహమంటే మంచినీళ్ళే. సీసా అలవాటు ఒక్కరోజులో పోదు కాబట్టి ముందు పంచదార మానేసి, తర్వాత సీసా మాన్పించండి. ఏడాది దాటేసరికి గ్లాసు అలవాటు చేస్తే మేలు. పడుకోబోయే ముందు తియ్యటి దగ్గు మందు వేస్తే ఆపైన నోరు శుభ్రం చేయడం మరిచిపోకండి. తల్లిపాల విషయంలో భయం అక్కర్లేదు. రెండేళ్ళ దాకా, ఆపైన కూడా ఇవ్వొచ్చు. పళ్ళు వచ్చాక మాత్రం రాత్రి నోట్లో రొమ్ము ఉంచుకునే నిద్రపోయే అలవాటు తగ్గించి, తోమడం తప్పకుండా చూసుకోవాలి.

తోమడం మొదటి పన్ను చిగురు చీల్చుకుని వచ్చిన రోజే మొదలు. చిన్న మెత్తటి బ్రష్, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు, ఆపైన బఠాణీ గింజంత. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా తోమే చెయ్యి పెద్దవాళ్ళదే కావాలి. పిల్ల తల మీ ఒళ్ళో ఆనించి, వెనకనుంచి తోమితే నోరంతా కనిపిస్తుంది.

పేస్టులో ఫ్లోరైడ్ అనగానే నల్గొండ, ప్రకాశం జిల్లాల వాళ్ళు ఉలిక్కిపడతారు. పడాల్సిందే మరి. ఒంట్లో ఫ్లోరైడ్ మితిమీరితే వచ్చే ఫ్లోరోసిస్‌ను అప్పటి నెల్లూరు జిల్లాలో 1937లోనే వైద్యులు గుర్తించారు. కానీ ఆ కీడు ఏళ్ళ తరబడి తాగిన నీళ్ళది. 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టును బియ్యపు గింజంత తీసుకుంటే అందులో ఉండేది సుమారు 0.1 మిల్లీగ్రాము. తాగునీటికి గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. పేస్టులోని ఆ కొద్దిపాటి ఫ్లోరైడే పంటి పైపొరను గట్టిపరుస్తుంది. మీ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిస్తే మాత్రం ముందు తాగే నీరు మార్చండి, పేస్టు సంగతి దంతవైద్యుణ్ణి అడగండి.

తెల్ల చార కనిపించిందని గుండె జారనక్కర్లేదు. ఆ దశలో ఫ్లోరైడ్ పూత వేయించి, రాత్రి అలవాట్లు మారిస్తే పన్ను తేరుకోవచ్చు. గుంట పడ్డాక కూడా సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే చుక్కల మందుతో చాలావరకు పుచ్చును ఆపవచ్చు. సూది లేదు, డ్రిల్ లేదు. పుచ్చిన చోట నల్లబడుతుంది, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అయితే పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి నొప్పి వచ్చేదాకా ఆగకండి. మొదటి పుట్టినరోజులోపే ఒకసారి చూపించండి.

ఈ రాత్రి పిల్లను పడుకోబెట్టే ముందు ఒక్కసారి ఆ పై పెదవి ఎత్తి చూడండి. నెలకోసారి చూస్తూ ఉండండి.