బోల్తాపడిన పడవకు తోడుపడవ

ఉత్తర ధ్రువమునకు చేరువనున్న గ్రీన్‌లాండు దీవియందలి ఇన్యూట్ జాతివారు సీలు మొదలగు జలజంతువులను వేటాడుటకై పూర్వకాలముననే ఒక వింత పడవను కల్పించుకొనిరి. దాని పేరు కయాక్. అలలకు కొట్టుకొనివచ్చిన కొయ్యలతో చట్రమును కట్టి, దానిపై సీలు చర్మమును బిగించి కుట్టెడివారు. పైభాగమంతయు మూయబడియుండును, నడుమ ఒక్క మనుష్యుడు కూర్చుండుటకు మాత్రము గుండ్రని రంధ్రముండును. నేడు ఇట్టి పడవలను ప్లాస్టిక్కు మొదలగువానితో చేసి, అనేక దేశముల సముద్రతీరములందు వినోదార్థము నడుపుచున్నారు.

కయాక్ మిక్కిలి సన్నని పడవ. అందుచే వేగముగా పోవును; అందుచేతనే సులభముగా బోల్తాపడును. అప్పుడు లోనివాడు తలక్రిందుగా నీటిలో వ్రేలాడును. ఇన్యూట్ వేటగాండ్రు పడవనుండి వెలికి రాకయే, తెడ్డును నీటిపై ఒత్తి, నడుమును త్రిప్పి, పడవతో కూడ మరల పైకి లేచు విద్యను సాధించిరి. గినో వాట్కిన్స్ అను ఆంగ్లేయ యువకుడు 1930-31 సంవత్సరములలో గ్రీన్‌లాండు యాత్రకు నాయకుడై వచ్చి, ఆ విద్యను వారియొద్ద నేర్చుకొనెను. అది నేర్చిన తొలి యూరోపీయులలో అతడొకడు. అట్టి నేర్పరి 1932 ఆగస్టు 20వ తేదీన ఆ దీవి తూర్పుతీరమున, ఒంటరిగా కయాక్‌పై సీలు వేటకు పోయి తిరిగి రాలేదు. సహచరులు వెదుకగా అతని పడవ నీటిపై తేలుచు కనబడెను, దేహము దొరకలేదు. అప్పటికతని వయస్సు 25 సంవత్సరములు. ఏమి జరిగినదో చెప్పుటకు చూచినవారే లేరు. ఎంతటి నేర్పరికైనను సముద్రముపై తోడు అవసరమని దీనివలన గ్రహింపవచ్చును.

ఆ తోడువాడు చేయవలసిన పని యేమి? ముందుగా అతడు కాలము విలువ నెరుగవలెను. నీరు శరీరమునందలి వేడిమిని గాలికంటె సుమారు 25 రెట్లు త్వరగా హరించును. మంచువలె చల్లనైన నీటిలో పడినవానికి మొదటి నిమిషమున ఊపిరి వశము తప్పును. ఆ సమయమున నోటిలోనికి నీరు చొచ్చినచో ప్రాణాపాయము. అందుచేతనే లైఫ్ జాకెట్టు తొడుగుకొనక సముద్రముపై పోరాదు. ఊపిరి కుదుటపడిన పిమ్మట సుమారు 10 నిమిషములు మాత్రమే చేతులు, కాళ్లు చెప్పినట్లు వినును. స్పృహ తప్పుటకు ఒక గంట పట్టవచ్చును గాని, వ్రేళ్లకు పట్టు అంతకు చాల ముందే పోవును. కనుక ఆ కొద్ది నిమిషములలోనే పడినవానిని మరల పడవలోనికి చేర్చవలెను.

పడినవాడు ఇంకను పడవలోనే యున్నచో పని సులభము. అతడు నీటిలోనుండి చేతులెత్తి పడవ అడుగును చరచి పిలిచి, చేతులను పడవకు ఇరుప్రక్కల ముందు వెనుకలకు జరుపుచుండును. తోడువాడు తన పడవ ముందుకొసను మెల్లగా అతని చేతికి అందించవలెను. వేగముగా వచ్చినచో వ్రేళ్లు నలుగును. అతడు ఆ కొసను పట్టుకొని, నడుము బలముతో మొదట పడవను సరిచేసి, తలను చివరకు ఎత్తవలెను. తలను ముందెత్తబోయినచో పడవ మరల బోర్లపడును.

అతడు పడవనుండి వెలికి వచ్చినచో రెండవ ఉపాయము కావలెను. నీటిలోనివాడు తోడువాని పడవను విడువక పట్టుకొనియుండవలెను. తోడువాడు బోల్తాపడిన పడవ ముందుకొసను చేరి, తన పడవకు అడ్డముగా దానిని పైకి లాగును. లోని నీరు కారిపోయిన పిమ్మట దానిని వెల్లకిల త్రిప్పి నీటిలోనికి జార్చి, రెండు పడవలను ప్రక్కప్రక్కగా, ఒకదాని ముందుభాగము వేరొకదాని వెనుకభాగమునకు తగులునట్లు చేర్చి, ఖాళీ పడవ రంధ్రపు అంచును గట్టిగా అదిమి పట్టుకొనును. నీటిలోనివాడు కాళ్లు తన్నుచు బోరగిలి ఆ పడవ వెనుకభాగముపై ప్రాకి, కాళ్లను రంధ్రములో దూర్చి, తోడువాని వైపునకు మొగము త్రిప్పుచు మెల్లగా కూర్చుండును. మిగిలిన నీటిని తోడి, ఊపిరి కుదురువరకును తోడువాడు పట్టు వదలరాదు.

ఈ పనులకొక క్రమము కలదు: ముందు మనుష్యుడు, పిమ్మట పడవ, ఆ పిమ్మటనే తెడ్డు. కొట్టుకొనిపోవు తెడ్డు వెంట పోయి మనుష్యుని కోలుపోరాదు. మరియు రక్షించువాడు తొందరపడి తానును నీటిలో దుముకరాదు. అతడు తన పడవలో స్థిరముగా నున్నంతవరకే ఇద్దరికిని ఆధారము కలదు. అతడును నీటిపాలైనచో రక్షింపవలసినవారు ఇద్దరగుదురు.

విద్యార్థులారా! ఇది చదివినంతమాత్రమున పట్టుపడు విద్య కాదు. ఈత నేర్చి, తెలిసిన పెద్దల యెదుట, లోతులేని నిలుకడనీటిలో పలుమారు అభ్యసింపవలెను. ఒకనాడు పడువాడుగాను, మరునాడు పైకి తీయువాడుగాను ఉండి నేర్చినవాడే అదను వచ్చినపుడు తొట్రుపడడు. తలిదండ్రులును బిడ్డలకు ఈత నేర్పించవలెను. నేర్చిన పిమ్మటను నీటిపైకి ఒంటరిగా పంపరాదు.