సహకార సంఘమా, పెద్ద బ్యాంకా?
ఉసూర్ రైతు ముందున్న ప్రశ్న

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో బస్తర్ ప్రాంతపు నైరుతి అంచున, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉసూర్ అభివృద్ధి ఖండం ఉన్నది. 2007లో దంతెవాడ నుండి విడివడి ఏర్పడిన బిజాపూర్ జిల్లాలో ఇది ఒక భాగం. ఇచ్చటి పల్లెలలో గోండి, దోర్లి, హల్బీ భాషలతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. వానకాలంలో వరి, వేసవిలో ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు ఇక్కడి ప్రజల జీవనాధారాలు. మిరప కోతల కాలం రాగానే అనేక కుటుంబాలు సరిహద్దు దాటి చర్ల, వెంకటాపురం వైపు కూలికి పోతుంటాయి.

ఇట్టి కుటుంబాల చేతికి డబ్బు ఏడాదిలో మూడు నాలుగు మార్లు మాత్రమే వస్తుంది. ఖర్చు మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. వచ్చిన సొమ్ము ఎక్కడ దాచుకొనవలెను? తొలకరికి విత్తనాలు, ఎరువులు కొనుటకు అప్పు ఎవరిని అడుగవలెను? ఒకప్పుడు ఈ రెండు ప్రశ్నలకూ ఊరి షావుకారు ఒక్కడే సమాధానం. నేడు సహకార సంఘమున్నది, బ్యాంకు ఉన్నది. ఈ రెండింటిలో ఏది దేనికి తగినదో తెలిసికొనుట అవసరం.

సంఘం పుట్టుక

పేదవాని వద్ద కుదువ పెట్టుటకు ఆస్తి లేకపోవచ్చును. కాని అతనిని ఎరిగిన ఇరుగుపొరుగువారు ఉంటారు. ఆ పరిచయమునే పూచీగా మార్చి, పదిమంది పొదుపును పదిమందికే అప్పుగా ఇచ్చే పద్ధతిని జర్మనీలో రైఫీజెన్ 1864లో హెడ్డెస్‌డార్ఫ్ గ్రామంలో నెలకొల్పాడు. మద్రాసు ప్రభుత్వం తరఫున ఫ్రెడరిక్ నికల్సన్ ఈ పద్ధతిని పరిశీలించి 1895, 1897 సంవత్సరాలలో నివేదికలు సమర్పించాడు. తరువాత 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చినది.

1907లో బోస్టన్ నగర వర్తకుడు ఎడ్వర్డ్ ఫైలీన్ వంగదేశపు పల్లెలలో ఈ సంఘాలను చూచి ఎంతో ప్రభావితుడైనాడు. స్వదేశం చేరిన పిదప అచ్చట ఇట్టి సంఘాల స్థాపనకు కృషి చేశాడు. 1909లో మసాచుసెట్స్ రాష్ట్రం అందుకు చట్టం చేసినది. అమెరికాలో నేడు క్రెడిట్ యూనియన్ అని పిలువబడే సంస్థకు మన పల్లెటూరి పరపతి సంఘం దగ్గరి బంధువే.

అయినను మన దేశంలో సంఘాల వ్యాప్తి చాలకాలం స్వల్పంగానే ఉన్నది. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారం రైతుల అప్పులో సహకార సంఘాల వంతు 3.1 శాతం, వాణిజ్య బ్యాంకుల వంతు 0.9 శాతం మాత్రమే. వడ్డీ వ్యాపారుల వంతు సుమారు 70 శాతం. గిరిజన ప్రాంతాలలో చిన్న చిన్న సంఘాలు నిలువలేవని గ్రహించి, 1971లో బావా అధ్యయన బృందం పెద్ద పరిమాణపు బహుళార్థ సంఘాలను సిఫారసు చేసినది. అప్పు, ఎరువు, నిత్యావసర వస్తువులు, అటవీ ఉత్పత్తుల కొనుగోలు అన్నీ ఒకే చోట లభించవలెనన్నది వాటి ఉద్దేశం. బస్తర్‌లో ‘ఆదిమ జాతి సేవా సహకారి సమితి’ అను పేరుతో ఉన్నవి ఇవే. ప్రజలు వీటిని లేంప్స్ అంటారు.

అడవి దారిలో బ్యాంకు

1955లో స్టేట్ బ్యాంకు ఏర్పడినది. 1969 జూలై 19న 14 పెద్ద బ్యాంకులు, 1980 ఏప్రిల్ 15న మరి ఆరు జాతీయమైనవి. 1975 అక్టోబరు 2న గ్రామీణ బ్యాంకుల వ్యవస్థ ఆరంభమైనది. ఈ క్రమంలో వచ్చిన బస్తర్ క్షేత్రీయ గ్రామీణ బ్యాంకు 2006లో ఛత్తీస్‌గఢ్ గ్రామీణ బ్యాంకులోను, 2013లో రాష్ట్రమంతటికీ ఏర్పడిన ఒకే గ్రామీణ బ్యాంకులోను కలిసిపోయినది. 2014లో జనధన యోజన మొదలైన తరువాత కనీస నిలువ లేకయే ఖాతా తెరిచే వీలు దేశమంతటా కలిగినది.

అయితే ఖాతా ఉండుట వేరు, ఖాతాలోని సొమ్ము చేతికందుట వేరు. 2005 తరువాతి సంక్షోభంలో దక్షిణ బస్తర్‌లో అనేక గ్రామాలు ఖాళీ అయినవి, సంతలు నిలిచిపోయినవి, దారులు తెగిపోయినవి. పొరుగున సుక్మా జిల్లాలోని జగర్‌గుండలో రెండు దశాబ్దాలకు పైగా బ్యాంకు లేని స్థితి నెలకొని, 2025 మే నెలలో ఇండియన్ ఓవర్‌సీస్ బ్యాంకు శాఖ తెరువబడిన నాటికి గాని తొలగలేదు. రోడ్డు, సంత, బ్యాంకు ఒకదాని వెంట ఒకటి వస్తాయనుటకు ఇది నిదర్శనం.

సంఘం ఇచ్చే మేలు

బ్యాంకులో ఖాతాదారు వినియోగదారుడు. సంఘంలో సభ్యుడు యజమాని. వాటాలు ఎన్ని ఉన్నను మనిషికి ఓటు ఒక్కటే.

సంఘానికి సొంత సొమ్ము తక్కువ. రాయపూర్‌లోని రాష్ట్ర సహకార బ్యాంకు జగదల్‌పూర్‌లోని జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు, అది సంఘానికి, సంఘం సభ్యునికి అప్పు ఇచ్చుట ఇందలి క్రమం. ఛత్తీస్‌గఢ్‌లో ఈ మార్గాన లభించే స్వల్పకాలిక పంట ఋణంపై సకాలంలో చెల్లించే రైతుకు వడ్డీ భారం లేకుండ రాష్ట్ర ప్రభుత్వం భరిస్తున్నది. కొంత నగదుగా, కొంత విత్తనాలు, ఎరువుల రూపంలో ఈ ఋణం అందుతుంది. ధాన్యం అమ్మినప్పుడు అప్పు మొత్తం అందులో నుండి మినహాయించబడి, మిగిలినది రైతు ఖాతాలో జమ అవుతుంది.

ఈ మినహాయింపునకు వెరచి ఊరిలోకి వచ్చే కోచియా వర్తకునికి ధాన్యం అమ్ముకొనేవారు లేకపోలేదు. అది నష్టదాయకం. 2023-24 ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు, క్వింటాలుకు మొత్తం మీద 3,100 రూపాయలు గిట్టే విధంగా కొనుగోలు జరిపినది. ఆ ధర సంఘం కాంటా వద్దనే గాని కోచియా తక్కెడ వద్ద లభించదు. అటవీ హక్కుల పట్టా గల రైతు కూడ పేరు నమోదు చేయించుకొని ఈ సౌకర్యం పొందవచ్చును.

తునికాకు విషయం కూడ ఇటువంటిదే. 50 ఆకులు ఒక కట్ట, 1,000 కట్టలు ఒక ప్రామాణిక బస్తా. 2024లో ఒక బస్తా సేకరణ రేటు 4,000 నుండి 5,500 రూపాయలకు పెరిగినది. కల్లం నడుపునది అటవీ ఉత్పత్తుల ప్రాథమిక సహకార సంఘం. అమ్మకంలో వచ్చిన లాభంలో 80 శాతం సేకరణదారులకే తిరిగి పంచవలెనన్నది నియమం. తాను దాచుకొన్న సొమ్ముపై వడ్డీ ఇచ్చే బ్యాంకు తన లాభంలో ఖాతాదారునికి వాటా ఇవ్వదు.

సొమ్ము భద్రత

ఇంతవరకు చెప్పినది అప్పు, అమ్మకం గురించి. పొదుపు దాచుకొనుట వేరు విషయం. ఇచ్చట చాలమంది పొరబడుతున్నారు.

బ్యాంకు మూతబడినను డిపాజిటుదారు నష్టపోకుండుటకు డిపాజిట్ బీమా సంస్థ ఉన్నది. 1962లో 1,500 రూపాయలతో మొదలైన ఈ రక్షణ 1993లో లక్షకు, 2020 ఫిబ్రవరిలో 5 లక్షలకు పెరిగినది. అసలు, వడ్డీ కలిపి ఒక మనిషికి ఒక బ్యాంకులో ఇంతవరకు హామీ ఉంటుంది. దీనికి ప్రీమియం బ్యాంకే చెల్లిస్తుంది, ఖాతాదారు చెల్లించనక్కరలేదు. వాణిజ్య బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు ఈ బీమా పరిధిలోనివి. గ్రామంలోని ప్రాథమిక సంఘం మాత్రం ఈ పరిధిలో లేదు. చట్టం దృష్టిలో అది బ్యాంకు కాదు, తన పేరులో ఆ మాట వాడుకొనరాదు.

కనుక సంఘం వేరు, సహకార బ్యాంకు వేరు. సంఘం కార్యాలయంలో ఇచ్చిన సొమ్ము సంఘం పద్దులోనే ఉన్నదా, లేక జిల్లా సహకార బ్యాంకులో తన పేర జమ అయినదా అని ప్రతి సభ్యుడు పాసుపుస్తకం తెరిచి చూచుకొనవలెను.

‘సహకార’ అను పేరు ఒక్కటే రక్ష కాదు. 2001లో సికింద్రాబాదులోని కృషి సహకార పట్టణ బ్యాంకు కుప్పకూలినప్పుడు, నాటి లక్ష రూపాయల హామీకి మించి దాచుకొన్నవారు ఇబ్బందుల పాలైనారు. సహారా వర్గానికి చెందిన నాలుగు బహుళ రాష్ట్ర సహకార సంఘాలలో డబ్బు చిక్కుకొన్న డిపాజిటుదారులకు తిరిగి చెల్లించుటకై 2023లో సుప్రీంకోర్టు ఉత్తర్వు, కేంద్ర ప్రభుత్వపు ప్రత్యేక ఏర్పాటు అవసరమైనవి. కొద్దికాలంలో సొమ్ము రెట్టింపు చేసెదమనువారు ఏ పేరుతో వచ్చినను వారిని నమ్మరాదు.

దూరం ఖరీదు

బ్యాంకులో సొమ్ము భద్రమే. కాని దానిని తెచ్చుకొనుటకు అయ్యే ఖర్చును కూడ లెక్కించవలెను. లోపలి గ్రామం నుండి ఆవపల్లికో, బిజాపూర్‌కో పోయి వచ్చుటకు ఒక దినం గడుస్తుంది. కల్లం రోజులలో దినానికి వంద కట్టలు కట్టగల కుటుంబానికి, 2024 రేటు ప్రకారం, ఆ ఒక్క దినంతో 550 రూపాయల పని పోయినట్లే. ఛార్జీలు, భోజనం దీనికి అదనం.

ఈ చిక్కును తగ్గించుటకే 2006 నుండి రిజర్వు బ్యాంకు ప్రతినిధుల పద్ధతిని అనుమతించినది. బ్యాంకు మిత్ర, బ్యాంకు సఖి అని పిలువబడే ఈ ప్రతినిధులు వేలిముద్రతో సొమ్ము ఇస్తారు. అయితే వేలిముద్ర వేసిన ప్రతిసారి రసీదు అడుగవలెను. యంత్రం పని చేయలేదని రెండవసారి వేలు పెట్టమన్నచో, మొదటిసారి సొమ్ము ఖాతాలో తగ్గినదో లేదో ముందుగా చూడవలెను.

ఏది దేనికి?

పంట అప్పునకు, ఎరువులకు, ధాన్యం, తునికాకు అమ్మకానికి సంఘం తగినది. ఏడాది పొడుగునా నిలువ ఉంచవలసిన పొదుపునకు బీమా గల బ్యాంకు తగినది. అది స్టేట్ బ్యాంకు కావచ్చును, గ్రామీణ బ్యాంకు కావచ్చును, జిల్లా సహకార బ్యాంకు కావచ్చును. హామీలో తేడా లేదు గనుక ఏది దగ్గరనో, ఏ ప్రతినిధి ఊరికి వస్తాడో చూచి ఎన్నుకొనవలెను. పట్టా లేని కుటుంబాలకు, ముఖ్యంగా స్త్రీలకు, స్వయం సహాయక బృందం మూడవ మార్గం. 1992లో నాబార్డు ఆరంభించిన పద్ధతి ప్రకారం బృందం పూచీపైనే బ్యాంకు అప్పు లభిస్తుంది. కూలికి చర్ల వైపు పోయే కుటుంబాలకు పెద్ద బ్యాంకు ఖాతా మరింత ఉపయోగం. అక్కడ జమ చేసిన కూలి సొమ్మును ఇంటికి వచ్చిన తరువాత తీసికొనవచ్చును. నగదు నడుముకు కట్టుకొని అడవి దారిన నడువవలసిన పని ఉండదు.

సంఘం మంచిచెడ్డలు చివరకు సభ్యుల చేతిలోనివే. తెలుగు దేశంలో దీనికి మంచి ఉదాహరణ ముల్కనూరు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో, నాటి కరీంనగర్ జిల్లాలోని ఆ గ్రామంలో స్థాపించబడిన పరపతి, మార్కెటింగు సంఘం నేటికీ రైతులకు అప్పు, ఎరువులు ఇస్తూ వారి ధాన్యం కొంటున్నది. అప్పు తీసికొన్నవారు వాయిదా తప్పకుండ చెల్లించుట, లెక్కలు అందరి ముందు చదువుట దాని బలం.

ఉసూర్ సభ్యునికి కూడ ఇదే దారి. సర్వసభ్య సమావేశానికి తప్పక పోవలెను. ఆడిట్ లెక్క చదివి వినిపించమని అడుగవలెను. ఖాళీ కాగితంపై వేలిముద్ర వేయరాదు. తన ఋణ పుస్తికను ఇతరుల ధాన్యం అమ్ముటకు ఇవ్వరాదు. ఒకరి బాకీ పేరుకొన్నకొద్దీ రెండవవానికి అందవలసిన అప్పు తగ్గుతుందని గుర్తుంచుకొనవలెను. సభ్యులు అడుగని సంఘం కొద్దిమంది సొత్తు అవుతుంది. సభ్యులు లెక్క అడిగే సంఘం, ఎంత చిన్నదైనను, షావుకారు గడప తొక్కవలసిన అవసరాన్ని తప్పిస్తుంది.