ఊరి చెఱువులోని పెద్దచేప

కృష్ణా గోదావరుల నడుమనున్న మన సీమలో చెఱువు లేని గ్రామము మిక్కిలి యరుదు. ఏలూరునకు చేరువనున్న పెదపాడు మొదలుకొని కొల్లేటి గట్టులవఱకు ఏ యూరికి పోయినను చెఱువు కనబడుచునే యుండును. అట్టి చెఱువు మెట్లపై నిలిచిన స్త్రీలకు అప్పుడప్పుడొక వింత గోచరించుట కలదు. మూరెడు పొడవునకు మించిన చేప యొకటి నీటిపైకి వచ్చి, పళ్లెమంత ప్రక్కను త్రిప్పి తళుక్కున మెఱసి, మరల లోతునకు పోవును. ఇంటికి వచ్చి చెప్పినచో నమ్మువారుండరు. ఎకరమైన లేని చెఱువులో అంతటి చేప యెట్లుండునని నవ్వుదురు. సోదరీమణులారా! ఆ చేప యెట్లు వచ్చెనో, యెట్లు పెరిగెనో తెలిసికొన్నచో మన చెఱువు స్థితియే మనకు తెలియగలదు.

మొదట కంటిచూపు సంగతి చెప్పుకొందము. నీటిలోని వస్తువును పైనుండి చూచునప్పుడు కాంతి వంగుటచేత, అది యున్న లోతులో ముప్పాతిక వంతు లోతుననే యున్నట్లు తోచును. దగ్గఱగా తోచుటచే కొంచెము పెద్దదిగాను కనబడును. కావున చూచినదానిలో కొంత తగ్గించుకొనుట న్యాయమే. తగ్గించిన పిమ్మట మిగిలినదియు చిన్నదేమియు కాదు. బొచ్చె చేప నాలుగడుగులు దాటియు పెరుగగల జాతి.

బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు అను మూడు జాతులును మామూలుగా నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. వానకాలమున నదులు పొంగి పాఱునప్పుడే వానికి సంతానము కలుగును. 1852వ సంవత్సరమున ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి నీరును, తరువాత బెజవాడ ఆనకట్టవలన కృష్ణ నీరును కాలువల వెంట పల్లెలకు వచ్చినవి. నీటితోపాటు చేపపిల్లలును వచ్చినవి. వేసవిలో కాలువలు కట్టివేయుటకు మున్ను తూము తెఱచి చెఱువు నింపుకొనుట మన పల్లెల వాడుక. ఆ తూముగుండ వచ్చిన గోరంత పిల్లయే కొన్నేండ్లకు మనల నబ్బురపఱచు చేప యగును.

మఱికొన్నిటిని మనుష్యులే తెచ్చి వదలుదురు. 1957వ సంవత్సరము జూలై 10వ తేదీన ఒడిస్సాలో హీరాలాల్ చౌధురీగారు, చేప తలలోని పీయూషగ్రంథి రసమును సూదితో నెక్కించి, ఈ కుటుంబమునకు చెందిన చేపలచేత గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి పిల్లలకొఱకు నదులపై నాధారపడవలసిన యక్కఱ క్రమముగా తగ్గినది. కొల్లేటి చుట్టునున్న చేపల చెఱువుల కీ విద్యయే మూలము.

కొఱ్ఱమీను మాత్రము ఎవరును తేకయే రాగలదు. అది గాలినుండియు నూపిరి పీల్చును. కావున వానకు తడిసిన నేలపై ప్రాకి యొక మడుగునుండి మఱియొక మడుగునకు చేరును. నీరెండినప్పుడు బురదలో దాగి వానకై వేచియుండును.

ఇక పెరుగుట. చెఱువెంతయో చేపయు నంతయే యని కొందఱి నమ్మకము. నిజమునకు ఒక్కొక్క చేప వంతునకు వచ్చు మేతయు ప్రాణవాయువునే ముఖ్యము. కొల్లేటి ప్రాంతపు రైతులు ఈ మర్మమును చక్కగా నెఱుగుదురు. పిల్లలను చిన్నచెఱువున క్రిక్కిఱియ నుంచి చాలకాలము ఎదుగనీయరు; పిమ్మట పెద్దచెఱువున పలుచగా వదలుదురు. అంతవఱకు అణగియున్న యా పిల్లలు అప్పుడు త్వరత్వరగా పెరుగును. ఊరి చెఱువున వల తప్పించుకొన్న యొకటి రెండు చేపలకు పట్టునదియు నిట్టి భాగ్యమే. పంక్తికంతకు వండిన కూడు ఒక్క విస్తరిలో పడినట్లు చెఱువులోని మేత యంతయు వానికే దక్కును.

పైకి వచ్చినదేదో గుర్తించుట సులభము. పెద్దతలయు పైకి తిరిగిన నోరును గలది బొచ్చె. నీటి పైపొరలోని సూక్ష్మజీవులే దాని మేత గనుక మన కంటబడునది చాలవఱకు అదియే. శీలావతి నడిమి నీటను, ఎఱ్ఱమోసు అడుగు బురదచెంతను మేయును. పామువంటి తల యెత్తి, గుటుక్కున గాలి మ్రింగి మునుగునది కొఱ్ఱమీను. ఎఱ్ఱని పిల్లలగుంపు నీటిపై కదలుచున్నచో దాని క్రింద పెద్దచేప కావలి యున్నదని తెలిసికొనవలెను. అప్పుడు దానిని పట్టినచో ఆ పిల్లలన్నియు దిక్కులేనివగును.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి కలదు. తెల్లవాఱుజామున చేపలన్నియు నోళ్లు తెఱచుకొని గుంపులుగా నీటిపై నిలిచి, మనుష్యుల యలికిడికిని మునుగకున్నచో, దానిని ఆటయని భ్రమింపరాదు. అవి ఊపిరాడక బాధపడుచున్నవి. నాచు పగలు సూర్యకాంతిలో ప్రాణవాయువును విడుచును. రాత్రి తానే దానిని పీల్చుకొనును. కావున తెల్లవాఱుటకు ముందు నీటిలో ఆ వాయువు మిక్కిలి తక్కువ. వేసవిలో నీరు తగ్గి వేడెక్కినప్పుడును, మబ్బుపట్టిన దినములలోను, పేడయు కుళ్లును చేరినప్పుడును మఱింత తగ్గును. ఇట్టి యాపదలో పెద్దచేపలే తఱచుగా ముందు చచ్చును. ఎన్నో వేసవులు గడచిన చేప యొకనాటి యుదయమున వెల్లకిల తేలినచో, ఆ నీరు మన బిందెలకు తగునా యని విచారింపవలెను. కుళాయిలు వచ్చినవి కదా యని యూరకుండరాదు. మన ప్రాంతమున పెక్కు గ్రామముల కుళాయినీరు చెఱువునుండియే వచ్చుచున్నది.

ఈ లక్షణము కన్నవారు వెంటనే పంచాయతీవారికి తెలుపవలెను. తూము తెఱచి క్రొత్తనీరు పెట్టుట, యంత్రముతో నీటిని చిమ్మించుట తక్షణ చికిత్సలు. పేడ, కోళ్ల వ్యర్థము మంచినీటి చెఱువున వేయనీయకుండుటయు, సబ్బునీరు దిగనీయకుండుటయు శాశ్వత చికిత్సలు. చేపల వేలము వేయునప్పుడు త్రాగునీరు చెడగొట్టరాదను షరతు వ్రాయింపుడని గ్రామసభలో స్త్రీలే యడుగవచ్చును. చచ్చి తేలిన చేపను కూరకు తేరాదు.

కనబడిన ప్రతి పెద్దచేపయు మేలు చేయునది కాదు. మీసములు గల ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ తక్కిన చేపలను మ్రింగి పెరుగును. దాని పెంపకమును భారత ప్రభుత్వము 2000 సంవత్సరమున నిషేధించినది. ఒంటినిండ గట్టి పలకలు గల దయ్యపుచేప గాజుతొట్ల వర్తకముతో వచ్చి మన నీళ్లలో వ్యాపించినది. కావున తొట్టిలోని చేపను పిల్లలు చెఱువున వదలకుండ చూడవలెను.

కొల్లేరు 1999లో అభయారణ్యముగను, 2002లో రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల తడినేలగను ప్రకటింపబడినది. అంతటి సరస్సునకు కావలిగా శాసనములున్నవి. ఊరి చెఱువునకు దాని నీరు వాడుకొనువారే కావలి. మీ చెఱువున పెద్దచేప కనబడినచో పిల్లలకు చూపి, అది యెన్ని వేసవులు దాటి వచ్చినదో చెప్పుడు. వచ్చు వేసవికిని అది బ్రతికియుండునట్లు చూచుట మన యింటి నీటిని మనము కాపాడుకొనుటయే యగును.