బీదరు బాటలో జంట గుఱ్ఱములు

గుఱ్ఱము నేడు మన పల్లెలకు పెండ్లి ఊరేగింపుతో వచ్చి, ఊరేగింపుతో పోవు అతిథి. మెడలో పూసల పేరులు, నెత్తిన కుచ్చు, చెవుల చెంత బ్యాండుమేళము, వీపున భయపడుచు కూర్చున్న పెండ్లికొడుకు. పిల్లవాడు ఈ గుఱ్ఱమును, చదరంగపు బల్లపై గుఱ్ఱమును తప్ప మఱియొకదానిని ఎఱుగడు. అయినను పట్టణములలో కొందఱు స్వారి నేర్చుకొని, వారాంతమున ఒక మిత్రుని తోడు చేసికొని, మోటారు తిరుగని బాటలు వెదకుకొనుచు పోవుట మరల మొదలైనది. ఇది పందెము కాదు, పోలో కాదు. నడక గుఱ్ఱముది, చూపు మనిషిది. అంతే.

అట్టి ప్రయాణమునకు తెలుగునేలలో తగిన తావేది యని అడిగినచో న్యాల్‌కల్ ప్రాంతమును చూపవచ్చును. ఇది నేడు సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటకపు సరిహద్దున, జహీరాబాదునకు చేరువ నున్న మండలము. 1956 వఱకు న్యాల్‌కల్ బీదరు జిల్లాలో, బీదరు తాలూకాలో ఒక భాగము. ఆ యేట రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినపుడు ఈ భాగము తెలుగు రాష్ట్రమున చేరినది. బీదరు పట్టణము కన్నడ రాష్ట్రమునకు పోయినది. కచేరీలు వేఱైనవి గాని సంతలు వేఱు కాలేదు, పెండ్లి సంబంధములు వేఱు కాలేదు. ఈ పల్లెలలో ఒకే అరుగుపై తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ కలసి వినబడును. నేల కూడ అట్టిదే. కొంతదూరము నల్లరేగడి, ఉన్నట్టుండి ఎఱ్ఱరాతి మెరక, మరల నల్లరేగడి. జొన్న, కంది, శనగ, కుసుమ పండు చేల నడుమ బండ్ల బాటలు సాగును. మంజీర యొకవైపు, దానిలో కలియు నారింజ వాగు ఇంకొకవైపు. గుఱ్ఱము తొందరలేని నడకతో గంటకు ఆఱు కిలోమీటర్లు పోవును. కనుక న్యాల్‌కల్ నుండి బీదరు ఒక పగటి ప్రయాణము. శనివారము పోయి ఆదివారము తిరిగి రావచ్చును.

బీదరు పేరు వినగానే చరిత్ర చదివిన వారికి కోట, మహమూద్ గవాను 1472లో కట్టించిన మదరసా తలపునకు వచ్చును. గుఱ్ఱమెక్కిన వానికి మాత్రము మఱియొకరు తలపునకు రావలెను. ఆయన రాజు కాడు, సేనాని కాడు. ఒక్క గుఱ్ఱమును నమ్ముకొని రష్యా నుండి వచ్చిన బీదవర్తకుడు. పేరు అఫనాసీ నికితిన్. వోల్గా నది యొడ్డున నున్న త్వేరు ఊరివాడు. పదునైదవ శతాబ్దిలో, వాస్కో డ గామా కళ్లికోట చేరుటకు పాతికేండ్లకు పైగా ముందే, దక్కను చూచి తన మాటలలో వ్రాసికొనిన యూరపు యాత్రికుడు.

ఆతడు ఇంటి నుండి బయలుదేరినపుడు హిందూదేశము తలంపులో లేదు. అస్త్రఖాను దగ్గఱ దోపిడిగాండ్రు సరకంతయు దోచుకొనిరి. అప్పులతో బయలుదేరిన వర్తకునకు వట్టి చేతులతో ఇల్లు చేరుట కంటె కష్టము లేదు. ఇల్లు చేరలేక పారశీకము దాటి హర్మూజు రేవునకు వచ్చెను. హిందూదేశమున గుఱ్ఱములకు మంచి వెల గలదని విని నూఱు రూబుళ్లు పోసి ఒక మగ గుఱ్ఱమును కొని, దానితో పడవ యెక్కెను. ఆఱవ వారమునకు కొంకణతీరమున చౌలు రేవు చేరెను. ఆ యోడలో ఆతని ఆస్తి, ఆతని ఆశ, ఆతని తిరుగుప్రయాణపు ఖర్చు అన్నియు నాలుగు కాళ్లపై నిలిచియుండెను.

దక్కను సుల్తానులు గుఱ్ఱమునకై అంత వెల యేల పెట్టిరి? ఈ వేడినేలలో, ఈ వానలలో మేలుజాతి అశ్వములు బాగుగ వృద్ధిపొందవు. అందుచే బహమనీలకు గాని విజయనగరమునకు గాని అరబ్బు, పారశీక గుఱ్ఱములు ఏటేట సముద్రము మీదనే రావలెను. పదుమూడవ శతాబ్ది చివర దక్షిణదేశము చూచిన మార్కో పోలో, ఇక్కడి వారికి గుఱ్ఱముల పోషణ తెలియక అవి వేగమే చచ్చుచున్నవని, అందుచేతనే వర్తకులకు ఎడతెగని లాభమని వ్రాసెను. నికితిన్ చూచిన అలండు సంతలో ఇరువది వేల గుఱ్ఱములు అమ్మకమునకు వచ్చెడివట. ఆ సంత షేకు అల్లావుద్దీను స్మృతికై ఏడాది కొకమాఱు పది దినములు సాగెడిది. అలండు నేటి కలబురగి జిల్లాలోనిది. ఇరువది వేలన్నది వర్తకుని ఉజ్జాయింపే యనుకొందము. సగమే యనుకొన్నను అది చిన్న సంత కాదు.

చౌలు నుండి కొండలెక్కి జున్నరు చేరునప్పటికి వానలు పట్టుకొనెను. రెండు నెలలు అక్కడనే నిలువవలసి వచ్చెను. ఎటు చూచినను నీరు, బురద. అక్కడి వారు గుఱ్ఱములకు శనగలు పెట్టుదురని, చక్కెర, నెయ్యి వేసి కిచిడి వండి పెట్టుదురని ఆతడు వింతపడి వ్రాసికొనెను. మన సామెత గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదనును. జున్నరు గుఱ్ఱమునకు దాణా కాదు, విందే జరిగినది. ఉలవలకు దొరలు గుఱ్ఱపు పప్పని పేరు పెట్టిరి గాని, దక్కను రౌతులు తమ వాహనమునకు మనిషి కంచములోని అన్నమే పెట్టిన దినములవి.

ఆ జున్నరులోనే గండము వచ్చెను. ఊరి అధికారి అసదుఖాను ఆ గుఱ్ఱమును లాగికొనెను. దాని యజమాని మహమ్మదీయుడు కాడు, రష్యావాడు అని తెలిసిన తరువాత ఆ అధికారి షరతు పెట్టెను: మతము మార్చుకొన్న యెడల గుఱ్ఱమును తిరిగి యిచ్చును, వేయి బంగారు నాణెములు కూడ ఇచ్చును, మార్చుకొనకున్న గుఱ్ఱము పోవును, వేయి నాణెముల దండుగయు పడును. గడువు నాలుగు దినములు. భాష రాని దేశము, తనవాడనువాడు లేడు, ఉన్న ఒక్క ఆస్తి పరుల గుఱ్ఱపుసాలలో నున్నది. మనిషి ధైర్యము చెడుటకు ఇంతకంటె ఏమి కావలెను? ఆ గడువులో ఖొరాసాను దేశీయుడు ఖోజా మహమ్మదు అనునతడు ఆ ఊరికి వచ్చెను. నికితిన్ ఆయనను వేడుకొనెను. ఆయన ఖానుకడకు పోయి మాట్లాడి, మతమార్పు మాట మాన్పించి, గుఱ్ఱమును విడిపించి తెచ్చెను. తన మతమునకు రమ్మని ఒక మహమ్మదీయుడు బలవంతము చేయగా, తన మతమున నిలుపుటకు పూనుకొన్న వాడును మహమ్మదీయుడే. రాజుల యుద్ధములను బట్టి మాత్రమే ఆ కాలమును కొలుచు పాఠ్యపుస్తకములలో ఈ యుదంతము కానరాకుండుట విచారము.

వానలు తగ్గుముఖము పట్టగానే నికితిన్ జున్నరు విడిచి నెల దినములు నడచి, పడమటి దిక్కు నుండి బీదరు చేరెను. ఆ బాటలో ఆతనికి గుఱ్ఱము సరకు, తోడు, చీకాకు, మూడును. అమ్మకపు గుఱ్ఱమును అలయించుట వర్తకుని నీతి కాదు గనుక ఎక్కి తిరిగినది తక్కువయే కావచ్చును.

ఇక నేటి రౌతుల మాట. ఒంటరిగా కాక మిత్రునితో కూడి పొమ్మని స్వారి నేర్పువారు చెప్పుదురు. ఇది మనిషి కబుర్ల కొఱకని మనము తలంతుము. అసలు కారణము గుఱ్ఱమునకే తెలియును. అది మందలో బ్రదుకు జంతువు. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే తన చుట్టును దాదాపు అంతటిని చూడగలదు. నుదుటికి సరిగా ముందు, తోకకు సరిగా వెనుక మాత్రము కొంత చోటు కానరాదు. ఆ కానరాని చోటు నుండి వచ్చు చప్పుడే దానికి పులి. చేనిలో రెపరెపలాడు ప్లాస్టిక్ సంచి, గుబురు చాటు నుండి దూకు కుక్క, వెనుక నుండి వచ్చు మోటారు సైకిలు, ఏదైనను పులియే. ప్రక్కన ఇంకొక గుఱ్ఱము చెవులు కదల్పక నిలిచినచో తానును నిలుచును. అది బెదరి పరుగెత్తినచో తానును పరుగెత్తును. అందుచేత జంటలో పెద్దది, నెమ్మదైనది ముందు నడువవలెను. వెనుకటిది ఒక గుఱ్ఱపు పొడవు ఎడముంచి రావలెను. వెనుక రౌతునకు ముందు గుఱ్ఱపు వెనుక గిట్టలు తన గుఱ్ఱపు చెవుల నడుమ కానవచ్చినచో ఆ ఎడము సరిపోయినదని గుర్తు.

జంటస్వారిలో మర్యాదలు కొన్ని గలవు. మన పెద్దలు పంక్తిభోజనమున పాటించిన మర్యాదల వంటివి. తోడివాని గుఱ్ఱము వాగులో నీరు త్రాగుచుండగా నీ గుఱ్ఱమును కదల్పరాదు. కదల్చినచో అది దప్పి తీరకయే తలయెత్తి వెంటబడును. తోడివాడు చేనికంచె తీయుటకు దిగినచో, వాడు తిరిగి యెక్కి కూర్చుండు వఱకు నిలువవలెను. చెప్పకుండ దౌడు తీయరాదు. ఒకడు అలసినచో ఇద్దఱును నడకకే దిగవలెను. జంట ఎప్పుడును మెల్లని గుఱ్ఱపు వేగముననే పోవును.

బయలుదేరుటకు ముందు నాలుగు గిట్టలు ఎత్తి చూడవలెను. నల్లరేగడి తడిసినచో గిట్టలోపల అంటుకొని గట్టిపడును. ఎఱ్ఱరాతి మెరకపై చిన్న గులకరాయి లాడమునకును గిట్టకును నడుమ ఇరుకును. చిన్న ఇనుప కొక్కెముతో గోకి తీయవలెను. తంగు బిగించునపుడు కొన్ని గుఱ్ఱములు పొట్ట ఉబ్బించి మోసగించును. కొంతదూరము నడచిన తరువాత మరల బిగింపకున్న జీనుతో కూడ రౌతు ప్రక్కకు జాఱును. పల్లమునకు దిగునపుడు తొందర కూడదు. విడిది చేరుటకు ముందు చివరి కిలోమీటరు నడకతోనే పోవలెను. చెమట ఆఱి, ఊపిరి కుదుటబడి చేరవలెను. చేరగానే గంపెడు దాణా పోయుట ప్రేమ కాదు. గుఱ్ఱము వాంతి చేసికొనలేని జంతువు. కడుపునొప్పి పట్టినచో ప్రాణమునకే వచ్చును. ముందు నీరు, పిదప గడ్డి, ఆ తరువాతనే కొలతగా దాణా.

ఈ విద్య మనకు క్రొత్త కాదు. ధౌరితకము, వల్గితము, ప్లుతము మున్నగు ఐదు విధముల అశ్వగతులకు అమరకోశము పేర్లు పెట్టినది. మనుమంచిభట్టు హయలక్షణవిలాసమను పేర తెలుగు పద్యములలో గుఱ్ఱముల శాస్త్రమునే వ్రాసెను. వాగె, పల్లము, అంకవన్నె, సాహిణి అను మాటలు ఇప్పుడు నిఘంటువులలో మాత్రమే మేయుచున్నవి. కాలు మోపు అంకవన్నెను పట్టుకొని చూపించిన పిల్లవానికి ఆ మాట మఱి మఱచుట యుండదు.

గుఱ్ఱములను గూర్చిన ఒక శుభవార్త కూడ చెప్పవలెను. భీమా నదీతీరమున పెరిగిన భీమ్‌థడీ జాతి దక్కనుకు సొంతమైనది. పొట్టిది, గట్టిది, కొండబాటలకు జంకనిది, మరాఠా రౌతులకు ప్రీతిపాత్రమైనది. అరబ్బు గుఱ్ఱముల రక్తము దీనిలో కలసియున్నదందురు. కలగలుపు జాతి యని చాలకాలము లెక్కలోనికి రాని దీనిని ఇటీవలనే జాతీయ సంస్థ ప్రత్యేకమైన జాతిగా నమోదు చేసినది. నేటికిని గొఱ్ఱెల మందలతో తిరుగు ధనగరుల మూటలను మోయుచున్నది ఇదియే. బీదరు బాటకు అరబ్బు అశ్వము కంటె ఇదియే తగినది. అందము కొంత తగ్గవచ్చును గాని కాలు తప్పదు.

అయితే బాట ఉండవలెను గదా! న్యాల్‌కల్, ఝరాసంగము మండలములలో పదునేడు గ్రామముల భూములు, పండ్రెండు వేల పైచిలుకు ఎకరములు, జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలికై నిర్ణయింపబడినవి; కేంద్రము 2016లో అనుమతి యిచ్చినది. పరిశ్రమలు వలదనుట సులభము, పని లేని యువకుని యెదుట ఆ మాట యనుట కష్టము. కాని క్రొత్త రోడ్లు లారీల కొఱకు వేయుదురు. పాత బండ్ల బాట చేనికి, చెఱువునకు, పొరుగూరికి మనిషియు పశువును కలసి నడచుట కొఱకు ఏర్పడినది. గ్రామపు నక్షాలో అది ఇప్పటికిని గీయబడి యుండును. నేలపై మాత్రము అంచులు దున్నగా దున్నగా సన్నబడి, ఒకచోట కంచెతో ఆగిపోవును. పస్తాపూరు నుండి ఏటేట సాగు పాతపంటల జాతరలో అలంకరించిన ఎడ్లబండ్లు వరుసగా ఊరూరు తిరుగును. ఆ బండ్లకును, వారాంతపు రౌతులకును కావలసినది ఒకటే బాట. ఆ నక్షాను పాఠశాలకు తెచ్చి, పిల్లలతో ఆ గీతల వెంట నడచు ఉపాధ్యాయుడు ఒక్క మధ్యాహ్నమున నేర్పు భూగోళము గోడపటము ఏడాదిలో నేర్పలేదు. గుఱ్ఱము లేకున్నను ఆ నడక నడువవచ్చును.

రౌతులకు శనగ, జొన్న కోసిన తరువాతి చలిదినములే మేలు. వానలలో నల్లరేగడి గుఱ్ఱమును మోకాటి వఱకు పట్టుకొనును. వేసవిలో గుఱ్ఱమునకు చాలినంత నీరు బాటలో దొరకదు. అది దినమునకు ముప్పది లీటర్లు, ఎండ హెచ్చినచో అంతకు మించి త్రాగును. పంట నిలిచియున్న చేనికి అడ్డముగా పోవుట ఏ ఋతువునను నేరమే. సాయంకాలమునకు బీదరు మెరక యెక్కినచో ఎఱ్ఱరాతి కోటగోడలు, రాతిని తొలచిన కందకము కానవచ్చును. ఊరికి ఆవల అష్టూరులో బహమనీ సుల్తానుల సమాధులు గలవు.

నికితిన్ ఆ కోట ద్వారముల కడ పహరా చూచెను, సుల్తాను ఊరేగింపులో బంగారు జీనుల గుఱ్ఱములను చూచెను, ఊరిలోని హిందువులతో స్నేహము చేసి వారి యాచారములను వ్రాసికొనెను. తాను తెచ్చిన గుఱ్ఱమును ఆ శీతకాలమున, క్రిస్మసు సమయమున, బీదరులోనే అమ్మివేసెను. ఏడాది మేపితిననియు, దాని పోషణకు అఱువదియెనిమిది నాణెములు వ్యయమైనవనియు లెక్క వ్రాసెను. కొన్నవాని పేరు ఆ వ్రాతలో లేదు. తరువాత ఆతడు దాభోలు రేవున ఓడ యెక్కి, 1472 ప్రాంతమున స్వదేశపు దారిలో స్మోలెన్‌స్కు చేరకముందే మరణించెను. ఆతడు వ్రాసిన కాగితములను వర్తకులు మాస్కోకు చేర్చిరి.